పరదేశమున చితాభస్మము : అస్థినిమజ్జన చరిత్రలో కొన్ని ఘట్టములు

ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగరమునకు పడమటి కొనను కాషీనె అను విశాలమైన ఉద్యానవనము కలదు. ఆ వనము ముగియుచోట ముగ్నోనె అను చిన్న యేరు ఆర్నో నదిలో కలియుచున్నది. ఆ సంగమము చెంత ఒక చిన్న మండపమును, దాని క్రింద తలపాగాయు హారములును ధరించిన ఒక భారతీయ యువకుని అర్ధవిగ్రహమును నేటికిని చూడవచ్చును. ఆ ప్రాంతము వారు ఆ స్థలమును 'ఇండియానో' అని, అనగా 'భారతీయుడు' అని పిలుచుచున్నారు. అచట ఆర్నోపై కట్టి 1978లో ముగించిన పెద్ద వంతెనకు గూడ ఆ పేరే నిలిచినది. ఆ యువకుడెవరో, అచటి కేల వచ్చెనో ఎరుగని వారు సయితము వంతెన దాటునపుడెల్ల అతనిని తలచుచున్నారన్న మాట.

అతడు కొల్హాపుర ప్రభువైన రాజారామ ఛత్రపతి. 1850లో జన్మించి, 1866లో దత్తత మూలమున సింహాసనమునకు వచ్చిన వాడు. 1870లో ఇంగ్లండునకు పోయి, విక్టోరియా రాణిని దర్శించి, పెక్కు పట్టణములు తిరిగి, తాను చూచిన దానిని ఇంగ్లీషున దినచర్యగా వ్రాసికొనెను. తిరుగు ప్రయాణమున ఐరోపా ఖండము మీదుగా వచ్చుచు జబ్బుపడి, 1870 నవంబరు 30వ తేదీన ఫ్లారెన్సులో మరణించెను. అప్పటి కతనికి ఇరువది యొకటవ యేడు నడచుచుండెను. వెంట నున్న కెప్టెన్ వెస్టు ఆ దినచర్యను పరిష్కరించి 1872లో లండనున ప్రకటించెను. 1874లో సంగమము కడ స్మారక మండపము వెలసినది. విగ్రహమును చెక్కిన వాడు ఫుల్లరను శిల్పి. మండపమును రూపొందించిన చార్లెస్ మాంటు తరువాతి కాలమున కొల్హాపుర నూతన రాజప్రాసాదమునకు గూడ రూపకర్త యయ్యెను.

ఆ కాలమున ఇటలీలో శవదహనము ఆచారమున లేదు. అచట ఆధునిక పద్ధతిని దహనశాల కట్టి తొలి దహనము జరిపినది 1876లో, మిలాను నగరమున. కావున రాజపరివారము వారు నగరపాలకుల ప్రత్యేకానుమతిని పొందవలసి వచ్చెను. వారు కోరినది కట్టెలును, చితి పేర్చుకొనుటకు రెండు నదులు కలియు చోటును. ఇంతకు మించి వారడిగినది లేదు. పరాయి యూర, భాష రాని చోట, శవము ముంగిట నుండగా కొలది గంటలలో చేసికొనిన నిర్ణయ మిది. ఈ వృత్తాంతమున మమ్మాకర్షించినది రాజు మరణము కన్న ఆ పరివారము చేసిన యెంపిక.

విదేశమున మరణించిన వారికి అచటనే దహనము జరిపి, భస్మమును అచటి నీటిలోనే కలిపిన సందర్భములను మన వ్యాసకర్తలు ఆపద్ధర్మముగా, అనగా గంగ దొరకనందున చేసికొనిన సర్దుబాటుగా పరిగణించుచున్నారు. ఆచారము క్షీణించుటకు దీనిని నిదర్శనముగా చూపిన వారును కలరు. మేమీ యభిప్రాయముతో ఏకీభవింపజాలము. అస్థులను గంగకు చేర్చవలెనన్న నియమము మనము తలచునంత ప్రాచీనము కాదు. అది కథలలో నున్న రీతియు వేరు. ఆచరణమున అది ఎవరికి సాధ్యమైనదన్న ప్రశ్న వేరొకటి. ఈ మూడవ ప్రశ్నయే మిక్కిలి బరువైనది.

మొదట సూత్రగ్రంథమును చూతము. ఆశ్వలాయన గృహ్యసూత్రము నాలుగవ అధ్యాయమున అస్థిసంచయన విధిని వివరించుచున్నది. పురుషుని యెముకలకు ఒక విధమైన కుండను, స్త్రీ యెముకలకు వేరొక విధమైన కుండను గ్రహింపవలెను. పాలు కలిపిన నీటిని శమీశాఖతో చల్లవలెను. అంగుష్ఠముతోను అనామికతోను ఒక్కొక్క యెముకనే తీయవలెను. పాదముల నుండి మొదలిడి శిరస్సుతో ముగింపవలెను. ఎముకకు ఎముక తగిలి చప్పుడు కారాదు. ఈ చివరి నియమమును చదివినప్పుడెల్ల మాకు సూత్రకారుని యెడ గౌరవము హెచ్చును. శాస్త్రవాక్యమని మనము తలచు చోట ఒక మనుష్యుని సౌకుమార్యము కనబడుచున్నది. పిమ్మట కుండను ఏమి చేయవలెను? నదిలో విడువవలెనని సూత్రము చెప్పుట లేదు. వాననీరు తప్ప వేరు నీరు చుట్టునుండి వచ్చి చేరని చోట గొయ్యి త్రవ్వి, అందుంచి, మూత పెట్టి, వెనుదిరిగి చూడక రావలెనని మాత్రమే విధించుచున్నది. సూత్రకారుని దృష్టిలో అస్థులు చేరవలసినది నేలకు. అదియు పారు నీటికి దూరమైన నేలకు.

ఈ విధి యెప్పుడు, ఏ క్రమమున గంగానిమజ్జనమునకు చోటిచ్చినదో వివరించుట ఈ వ్యాసమునకు మించిన పని. పురాణముల నాటికి మార్పు పూర్తియైనదని మాత్రము స్పష్టము. అస్థి యెంతకాలము గంగలో నుండునో అన్ని వేల యేండ్లు స్వర్గవాసము కలుగునని పురాణములు ఫలశ్రుతి చెప్పినవి. ఈ మార్పునకు ఆధారముగా నిలిచిన కథ సగరపుత్రులది. నన్నయభట్టు అరణ్యపర్వమునను, పోతన నవమ స్కంధమునను చెప్పియుండుటచే అది తెలుగువారి యింటింటి కథ యైనది. కపిలుని కోపాగ్నిచే అరువదివేల మంది ఇల్లు విడిచి దూరదేశమున బూడిదయైరి. వారి భస్మమును ఎవరును అయోధ్యకు తేలేదు. అంశుమంతుడు తేలేదు, దిలీపుడు తేలేదు. తుదకు భగీరథుడు భస్మమును నది కడకు చేర్చుటకు మారుగా, నదినే భస్మమున్న చోటికి కొనిపోయెను. దారి పొడవునను నీరే నడచినది, భస్మము కదలలేదు. మన మీ కథనే ప్రమాణముగా పట్టుకొని, కథలో జరిగిన దానికి సరిగా విపర్యయమును ఆచారముగా చేసికొంటిమి. ఇది దోషమని మే మనుట లేదు. కాని పరదేశ భస్మమును గూర్చి తీర్పు చెప్పువారు ఈ కథను మరల నొకసారి చదువుట మంచిది.

శాస్త్రమునందు మరియొక వెసులుబాటు గలదు. దేశాంతరమున మరణించి, ఎముకలైనను దొరకని వానికి మూడు వందల అరువది పలాశపత్రవృంతములతో పురుషాకృతిని కూర్చి దహింపవచ్చునని ధర్మశాస్త్రములు విధించినవి. అనగా దేహము రాదు, అస్థులు రావు, వార్త మాత్రమే వచ్చును అన్న స్థితిని మన పూర్వులు బాగుగా ఎరుగుదురు. ఎరుగకుండుట యెట్లు? ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణము నుండి బయలుదేరి కాశికి పోయి, మరల ఇల్లు చేరునప్పటికి 1831 సెప్టెంబరు వచ్చినది. కలిగిన వాడు, పరివారము గలవాడు, అధికారుల యెరుక గలవాడు. అతనికే పదునైదు నెలలు పట్టెను. గోదావరీ కృష్ణా తీరముల సామాన్య కుటుంబికునికి గంగ పరదేశము కన్న దగ్గర కాదు. కావుననే మనవారు గోదావరిని గంగ యనిరి. రాజమహేంద్రవరపు రేవున మునుగువాడు గంగాస్నానమనియే సంకల్పము చెప్పుకొనును. దగ్గరి నీటికి దూరపు నదీనామము నిచ్చుట ఓడలెక్కి పోయిన వారు కనిపెట్టిన ఉపాయము కాదు. ఇంటనున్న వారు అంతకు ముందే నేర్పిన పాఠము.

ఇచట మన భాష చేయు సూక్ష్మభేదము నొకదానిని గుర్తింపవలెను. ఇంగ్లీషు వారు భస్మమును 'చల్లుదురు'. తెలుగువారు 'కలుపుదురు'. "నాన్నగారి అస్థికలు గోదాట్లో కలిపాము" అనుటయే వాడుక. "చల్లాము" అనుట వినము. చల్లుటలో చెదరుట ఉన్నది. కలుపుటలో చేరుట ఉన్నది; చేర్చుకొనునది యొకటి యుండవలెను. విత్తనమును చల్లుదుము, కళ్లాపి చల్లుదుము. పాలలో నీరు కలుపుదుము, మనుష్యులను కలుపుదుము. నీటిలోని ఉప్పువలె మరల వేరుపరుపరాని చేరికను ఈ క్రియ తెలుపుచున్నది. అందుచేత మనకు ప్రవాహమన్నది భస్మమును తొలగించు సాధనము కాదు, స్వీకరించు ఆశ్రయము. ఫ్లారెన్సులో రాజపరివారము సంగమమును కోరుట ఈ భావము నుండి వచ్చినదే. వారు మరాఠీయులైనను ఈ విషయమున మన భావమునకు వారి భావము దూరము కాదు.

రాజారామునకు పూర్వము ఐరోపాలో మరణించిన ప్రముఖ హిందువులకు ఈ అవకాశము కలుగలేదు. రామమోహన రాయలు 1833 సెప్టెంబరు 27న బ్రిస్టలు పట్టణపు పొలిమేరలో మరణించెను. ఇంగ్లండున దహనము ఊహింపరాని కాలమది. క్రైస్తవ విధిని ఖననము జరిగినచో స్వదేశమున తన వారి కులమునకు, వారసత్వమునకు భంగము వచ్చునని యెరిగి, అట్టి విధి తనకు వలదని అతడు ముందే చెప్పియుండెను. అందుచే ఆతిథ్యమిచ్చిన వారి తోటలోనే, మంత్రము లేక, ప్రార్థన లేక, మౌనముగా పూడ్చిరి. మరణించునప్పటికి మెడలో యజ్ఞోపవీతము అట్లే యున్నది. పదియేండ్ల తరువాత, 1843లో, ద్వారకానాథ ఠాకూరు పూనికతో ఆ దేహము ఆర్నోస్ వేల్ శ్మశానమునకు మార్చబడి సమాధి కట్టబడెను. ఆ ద్వారకానాథుడే 1846 ఆగష్టు 1న లండనులో మరణించి కెన్సల్ గ్రీన్ శ్మశానమున పూడ్చబడెను. మిత్రుని దేహమునకు గౌరవస్థానమును వెదకిన వానికి తుదకు దక్కినదియు అట్టి స్థానమే.

విచిత్ర మేమనగా, అదే ఇటలీలో, రాజారామునకు నలుబది యెనిమిదేండ్ల ముందు, ఒక ఇంగ్లీషు కవి సముద్రపుటొడ్డున కట్టెలపై దహింపబడెను. అతడు షెల్లీ. 1822 జూలైలో నావ మునిగి మరణించిన అతని దేహము వియరెజ్జో తీరమునకు కొట్టుకొని వచ్చినది. అంటురోగ భయముచే ఏర్పడిన తీరనిబంధనలు దేహమును కదలింపనీయలేదు. ఆగష్టులో ఇసుక మీదనే దహించి, భస్మమును రోము నగరమునకు కొనిపోయి పూడ్చిరి. కృష్ణశాస్త్రిగారిని 'ఆంధ్రా షెల్లీ' అని పిలుచుకొనిన మన సాహిత్యలోకము, అసలు షెల్లీకి జరిగినది మన పద్ధతి దహనమేనని అంతగా గమనించినట్లు లేదు.

ఇంగ్లండున వోకింగు దహనశాలలో తొలి దహనము 1885లో జరిగినది. 1902లో దహన శాసనము వచ్చినది. ఆ యేడే లండనున గోల్డర్స్ గ్రీన్ దహనశాల తెరువబడెను. ఆ పిమ్మట ఇంగ్లండున మరణించిన భారతీయుని దహింప వీలు కలిగెను. కాని ఈ దహనము మన దహనము కాదు. యంత్రశాలలో అగ్ని చల్లారిన పిదప మిగిలిన యెముకలను మరయందు నలిపి, ఒకే తీరైన పొడిగా చేసి, డబ్బాలోనికెత్తి బంధువులకు ఇచ్చెదరు. అట్టి పొడిలో పాదమేది, శిరస్సేది? అంగుష్ఠానామికలతో ఏరుటకు ఎముక యేది? చప్పుడు చేయరాదన్న నియమమునకు విషయమే లేదు. ఆశ్వలాయనుని విధి భంగపడినది నదివలన కాదు, మరవలన. ఎముకలను నలిపిన ఈ పొడికే 'అస్థికలు' అను పేరు నిలుపుకొంటిమి. మాట నిలిచినది, వస్తువు మారినది. విధి చెడినదని బాధపడు వారు నది పేరును గూర్చి వాదించుచున్నారు గాని, అంతకన్న పెద్దదైన ఈ మార్పును గూర్చి మాటాడుట లేదు.

ఇక సామాన్యుల మాట. మొదటి ప్రపంచ యుద్ధమున ఫ్రాన్సులో గాయపడిన భారత సైనికులలో పలువురిని 1914 చివరి నుండి ఇంగ్లండు దక్షిణతీరము నందలి బ్రైటన్ నగరమునకు తెచ్చి, అచటి రాజప్రాసాదము మున్నగు భవనములను ఆసుపత్రులుగా మార్చి చికిత్స చేయించిరి. అందు మరణించిన హిందువులు, సిక్కులు ఏబది ముగ్గురిని నగరమునకు వెలుపల, పాచమ్ గ్రామము పైనున్న గడ్డికొండలపై కట్టెల చితులపై దహించిరి. ఆరుబయట చితి పేర్చుటకు సాధారణముగా చోటీయని దేశమున యుద్ధావసరము ఆ చోటును కల్పించినది. భస్మమును సముద్రములో కలిపిరి. ఆ సముద్రము ఇంగ్లీషు కాలువ. దాని ఆవలి గట్టుననే వారు పోరాడిన నేల. చితులు పేర్చిన వేదికల మీద తెల్లని పాలరాతి గుమ్మటము కట్టబడి, 1921 ఫిబ్రవరి 1న వేల్సు యువరాజుచే ఆవిష్కరింపబడెను. దానిని 'ఛత్రి' యని పిలుచుచున్నారు. ఇంతవరకును సంతోషింపదగినదే. కాని ఆ యేబది ముగ్గురి పేర్లును అచట రాతిపై చెక్కబడినది 2010లో. కొల్హాపురప్రభువు విగ్రహము నాలుగేండ్లలో వెలసినది. సిపాయిల పేర్లకు ఎనుబది తొమ్మిదేండ్లు పట్టినది.

ఇరుయుద్ధముల నడిమి కాలమున జెనీవా సరస్సు పరిసరములు మన స్వాతంత్ర్యోద్యమమునకు విచిత్రమైన శ్మశానభూమి యైనవి. ముగ్గురి మరణములను ప్రక్క ప్రక్కన నుంచి చూడవచ్చును. 1930 మార్చి 30న శ్యామ్‌జీ కృష్ణవర్మ జెనీవాలో మరణించెను. ఇంగ్లీషు వారి పాలనలో నున్న దేశమునకు తన భస్మము పోరాదని, దేశము స్వతంత్రమైన పిదపనే చేర్చవలెనని ఆతడు నగరమువారితో ఏర్పాటు చేసికొని, నూరేండ్లు భద్రపరుచుటకు కావలసిన సొమ్మును ముందే చెల్లించెను. 1933లో మరణించిన ఆయన భార్య భానుమతి భస్మపాత్రయు దానితోడనే నిలిచినది. దేశము స్వతంత్రమైన పిమ్మట గూడ అవి ఏబదియారేండ్లు అచటనే యుండి, 2003 ఆగష్టులో భారతదేశమునకు వచ్చినవి. ఇప్పుడవి కచ్ తీరమున మాండ్వి యందలి స్మారకమున నున్నవి. నదిలో కలుపుటకు కాక దాచుటకే కోరబడిన భస్మమిది. కాలమునకు ఎదురు చూచుటయే దీని పని. 1933 అక్టోబరు 22న జెనీవా దాపున విఠల్‌భాయి పటేలు మరణించెను. ఆయన దేహమును చెడిపోకుండ మందులతో భద్రపరచి ఓడపై బొంబాయికి తెచ్చి, నవంబరులో అచట దహనము జరిపిరి. 1936 ఫిబ్రవరి 28న లోజాన్ నగరమున కమలా నెహ్రూ మరణించెను. అచటనే దహనము జరిపి, భస్మపాత్రతో నెహ్రూ విమానమున స్వదేశమునకు బయలుదేరెను. దారిలో రోమున దిగినపుడు ముస్సోలినీ పంపిన ఆహ్వానమును ఎంత ఒత్తిడి చేసినను నిరాకరించెను. బాగ్దాదు నుండి లండను ప్రకాశకులకు తంతి నిచ్చి, అచ్చగుచున్న తన ఆత్మకథను ఇక లేని కమలకు అంకితము చేసెను. ప్రయాగలో ఆ భస్మమును గంగలో కలిపిరి.

ఒకరు భస్మమును నిలిపిరి. ఒకరి దేహమునే తెచ్చిరి. ఒకరి భస్మమును తెచ్చి కలిపిరి. సరస్సు ఒక్కటే, కాలము ఒక్కటే, ఉద్యమము ఒక్కటే, విధానములు మూడు. ఏది శాస్త్రీయమని నిర్ణయింపబూనుట వ్యర్థము. భస్మము నెచట నుంచవలెనన్న నిర్ణయము అప్పటికే శాస్త్రము చేతి నుండి జారి, దేశమను నూతన భావము చేతిలో పడినదని గ్రహించిన చాలును.

దీనికి ప్రబలమైన సాక్ష్యము నెహ్రూ 1954 జూన్ 21న వ్రాసిన మరణశాసనము. తనకు మతసంబంధమైన కర్మ జరుపవలదని, విదేశమున మరణించినచో అచటనే దహించి భస్మమును అలహాబాదునకు పంపవలెనని, పిడికెడు మాత్రము గంగలో కలిపి తక్కిన దానిని విమానము నుండి రైతులు శ్రమించు పొలములపై చల్లవలెనని అందు కోరెను. గంగ యెడ తన మమకారము మతభావముచే కలిగినది కాదనియు, ఆ నది దేశచరిత్రకు ప్రతీక యనియు వివరించెను. ఒకే మనుష్యుని భస్మములో కలుపుటయు, చల్లుటయు రెండును జరిగినవి. అతడు మరణించినది ఢిల్లీలోనే, 1964 మే 27న. కాని విదేశమరణమునకు గూడ ముందే దారి చూపియుంచుట, లోజాన్ నుండి తాను మోసికొని వచ్చిన పాత్రను మరువనందుననే యని మేము తలచుచున్నాము.

గాంధీగారి భస్మము దిశ మార్చి ప్రయాణించినది. 1948 ఫిబ్రవరి 12న ప్రయాగలో నిమజ్జనము జరిగినను, పెక్కు పాత్రలు పెక్కు తావులకు పోయినవి. ఒకటి తూర్పు ఆఫ్రికాకు పోయి, ఉగాండాలో జింజా కడ నైలునది జన్మించు చోట కలుపబడెను. ఇల్లు విడిచి మరణించిన వాని భస్మము ఇంటికి వచ్చుట కాదిది. ఇంట మరణించిన వాని భస్మము వలసపోయిన జనుల నదికి పోవుట. మన హైదరాబాదున, లంగర్ హౌజ్ చెంత మూసీ, ఈసా నదుల సంగమమున గూడ ఆ యేడే భస్మము కలుపబడెను. ఆ తావే నేటి బాపూఘాట్. ఆనాటికి హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో చేరలేదు, చేరినది సెప్టెంబరులో. చట్టము మాటకు కట్టుబడినచో మూసీలో కలిసినదియు సరిహద్దు దాటిన భస్మమే. ఇచటను సంగమమునే ఎంచుకొనిరి.

ఇంతవరకు చెప్పిన వారిలో సిపాయిలు తప్ప తక్కిన వారందరును పేరు గలవారు. వారి కొరకు నగరపాలకులు అనుమతు లిచ్చిరి, ఓడలు ఆగినవి, విమానములు ఎగిరినవి. మన తీరము నుండి కూలికి పోయిన వారి మాట యేమి? గోదావరి సముద్రమున కలియు చోటనున్న కోరంగి రేవు 1839 నవంబరు తుపానులో నాశనమైనను, దాని పేరు మాత్రము సముద్రము దాటినది. రంగూనులో తెలుగు కూలీలను 'కోరంగీలు' అనిరి; మారిషసులోను ఆ పేరు వినబడినది. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి డర్బనుకు చేరినది మొదలు 1911 వరకు నేటాలునకు పోయిన ఒప్పంద కూలీల సంఖ్య 1,52,184. అందు అధికభాగము మద్రాసు రాజధాని వారు. తమిళులతో పాటు విశాఖపట్టణము, గంజాము, గోదావరి మండలముల తెలుగువారు. చెరకుతోటలో మరణించిన వానికి కట్టెలు తెచ్చుటకు సెలవీయవలసిన వాడు యజమాని. సెలవు దొరకని చోట పూడ్చుటయే గతి. ట్రినిడాడు దీవికి 1845 నుండి భారతీయులు పోవుచున్నను, అచట దహనమునకు శాసనసమ్మతి 1953లో గాని రాలేదు. నూరేండ్లకు పైగా ఆ దీవిలో అస్థినిమజ్జన సమస్యయే పుట్టలేదు. దహనమే లేదు గనుక. ఆచారము క్షీణించినదని వ్రాయువారు ఈ సంగతిని ఏ పద్దున వ్రాయుదురు?

అట్టి జనులు తరువాతి కాలమున చేసినది భగీరథుడు చేసిన పనియే. మారిషసు దీవి నడుమ కొండలలో నున్న సరస్సునకు పందొమ్మిదవ శతాబ్ది చివర యాత్ర మొదలైనది. 1972లో గంగాజలమును తెచ్చి అందు కలిపి, ఆ సరస్సును గంగాతలావ్ అనిరి. ఇంగ్లండున లెస్టరు ప్రాంతపు భారతీయ కుటుంబములు సోర్ నదిపై పడవలో పోయి భస్మమును కలుపుచున్నవి. ఆరుబయటి చితి కొరకు న్యూకాసిలు వాస్తవ్యుడొకడు పోరాడగా, గోడలుండి పైకప్పునకు తెరపు గల కట్టడములోని చితి శాసనవిరుద్ధము కాదని 2010లో అచటి అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది. గుజరాతీయులు, పంజాబీయులు ముందుండి నడపిన మార్పు లివి. ఫలము తెలుగువారికిని అందినది.

మా యెరుకలోని ఒక సంగతిని ఇచట చెప్పుట తప్పుగా తోపదు. గోదావరి గట్టున మాకు మిక్కిలి ఆప్తులైన కుటుంబమువా రొకరు కలరు. ఆ యింటి తల్లి కూతురిని చూడ ఇంగ్లండు పోయి, చలికాలమున అచటనే కన్నుమూసినది. దహనానంతరము కూతురు సగము భస్మమును అచటి నదిలో కలిపి, సగమును తమ్మునికి పంపినది. మన వైపున అస్థుల కుండను ఇంటిలోనికి తేరు. కలుపువరకు చెట్టుకొమ్మకు కట్టియుంచుదురు. విమానమున వచ్చిన ఆ డబ్బాను తమ్ముడు పెరటి వేపకొమ్మకే కట్టెను. ఆ కొమ్మ క్రిందనే బంధువుల వాదము. అస్థులను పంచవచ్చునా? మ్లేచ్ఛదేశపు నీటిలో కలిసిన సగమునకు గతి యేమి? మేమును ఆ వాదమున నుంటిమి, గ్రంథములు తిరుగవేసితిమి, పురాణవాక్యములు రెండు వైపులకును దొరకినవి. తుదకు వారి పురోహితుడు, ఎనుబది దాటిన వాడు, ఫోనులో కూతురి నడిగినది ఒకే ప్రశ్న. "అక్కడ నీళ్లు పారతాయా అమ్మా?" "పారతాయండి. రెండేళ్లు కలిసేచోట కలిపాను." ఆయన మరేమియు అడుగలేదు; మరునాటి ముహూర్తము చెప్పి వెడలిపోయెను. ఆ బిడ్డకు ఫ్లారెన్సు కథ తెలియదు. మేమే తరువాత చెప్పితిమి.

ఈ విషయమున మన శాఖలలో చేయదగిన పని యొకటి మిగిలియున్నది. నేటాలు ఓడల నమోదు పట్టికలలో ఒక్కొక్క కూలి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, గ్రామము, జిల్లా వ్రాయబడియున్నవి. గ్రామనామములు వినికిడిని బట్టి ఇంగ్లీషు గుమాస్తా వ్రాసికొనినవి. వానిని గుర్తించుటకు తెలుగు వచ్చినవాడు కావలెను. అట్లు గుర్తించిన గ్రామములలో, తిరిగిరాని వానికి పలాశవృంతములతో దహనము జరిపిన జ్ఞాపక మేయింటనైన నిలిచియున్నదేమో విచారింపవలెను. అడుగదగిన వృద్ధులు ఏటేట తగ్గిపోవుచున్నారు. రాబోవు వేసవి సెలవులలో శ్రీకాకుళము, విశాఖ, తూర్పుగోదావరి తీరగ్రామములతో ఈ పని మొదలిడుటకు మా విద్యార్థులు ఇద్దరు సిద్ధముగా నున్నారు.